సైక్లోన్ టేలర్ గురించి రాస్తూ కొమగాట మారు సంగతి వదిలేయవచ్చా?

శిశిర_రాజమండ్రి
తొలితరం వృత్తి క్రీడాకారుల మీద ఒక పత్రికకు కొంతకాలంగా వ్యాసాలు రాస్తున్నాను. ఈసారి కెనడా ఐస్ హాకీ ఆటగాడు ఫ్రెడ్ టేలర్‌ను తీసుకున్నాను. ఆ ఆట ఎరిగినవారికి అతను సైక్లోన్ టేలర్‌గానే తెలుసు. 1914 మే నెలలో, పంజాబీలే ఎక్కువగా ఉన్న 376 మంది ప్రయాణికులతో కొమగాట మారు ఓడ వాంకూవర్ చేరినప్పుడు, దాని మీదికి ముందుగా ఎక్కిన ఇమ్మిగ్రేషన్ అధికారుల్లో టేలర్ ఒకడు. ఆ విషయం మీద నేను ఒక పేరా రాస్తే, సంపాదకులు మొత్తం కొట్టేసి, ఇది ఆటల శీర్షిక కనుక ఆటగాడి ఉద్యోగం సంగతులు పాఠకులకు అక్కరలేదని జవాబిచ్చారు. నాకు చాలా బాధ కలిగింది. అతను వేసిన ప్రతి గోల్‌నూ లెక్కపెట్టి, మనవాళ్లను ఒడ్డుకు దిగనివ్వని కార్యాలయంలో అతను పనిచేశాడన్న మాట మాత్రం దాచడం సబబేనా? ఈ ఆట చరిత్ర చదివినవారు ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

కబడ్డీ_కోచ్_నల్గొండ
నేను సంపాదకుల పక్షమే. ఆటగాణ్ని ఆటతోనే కొలవాలి. మన దగ్గర రైల్వేల్లో, బ్యాంకుల్లో, పోలీసు శాఖలో పనిచేస్తూ ఆడినవారు ఎందరో ఉన్నారు. వారి మీద వ్యాసం రాసేటప్పుడు వారి శాఖ ఆ ఏడాది ఏ ఉత్తర్వు ఇచ్చిందో మనం రాయడం లేదు కదా.

గుంటూరు_గోల్‌కీపర్
ఇంతకీ వెనక్కి స్కేటింగ్ చేస్తూ గోల్ వేశాడనే కథ అతనిదేనా?

పాత_పేజీలు
అతనిదే, ఆ కథకు తరువాత వస్తాను. ముందు కోచ్ గారి మాటకు జవాబు చెప్పాలి, ఎందుకంటే టేలర్ విషయంలో ఆటను, ఉద్యోగాన్ని విడదీసి రాయడం సాధ్యం కాదన్నది నా గట్టి అభిప్రాయం.

అతను 1880ల మధ్యలో ఒంటారియోలోని టారా అనే ఊళ్లో పుట్టి, లిస్టోవెల్‌లో పెరిగాడు. అప్పటి ఒంటారియో హాకీ సంఘం అమెచ్యూర్ నియమాలను, అంటే డబ్బు తీసుకోకుండా ఆడాలన్న నియమాలను, మతాచారంలా పాటించేది. టేలర్ తరువాతి కాలంలో చెప్పుకున్న ప్రకారం, ఆ సంఘం కార్యదర్శి విలియం హ్యూయిట్ అతన్ని టొరంటో మార్ల్‌బరోస్ జట్టుకు ఆడమని పిలిచాడు. ఇల్లు వదిలి రానన్నందుకు ఒంటారియోలో మరెక్కడా ఆడకుండా చేశారు. ఒక సీజను మొత్తం ఖాళీగా కూర్చున్న కుర్రవాడు మానిటోబాలోని పోర్టేజ్ లా ప్రెయిరీకి వెళ్లి, అక్కడినుంచి 1906లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం, హౌటన్ పట్టణం చేరాడు. అది రాగి గనుల ప్రాంతం. డాక్ గిబ్సన్ అనే దంతవైద్యుడు అక్కడ పోర్టేజ్ లేక్స్ జట్టును నడిపేవాడు. ఆటగాళ్లకు దాపరికం లేకుండా జీతమిచ్చిన మొట్టమొదటి హాకీ లీగ్ 1904లో మొదలైంది అక్కడే. ఐదు జట్లతో సాగిన ఆ లీగ్ 1907లో మూతపడింది. మూతపడేలోగా టేలర్ జట్టు వరసగా రెండుసార్లు గెలిచింది.

ఇక అసలు విషయం. లీగ్ పోయాక టేలర్‌ను ఒటావా సెనేటర్స్ వాళ్లు పిలిచారు. వాళ్లు ఆశ చూపింది జీతం ఒక్కటే కాదు, కెనడా ప్రభుత్వ అంతర్గత వ్యవహారాల శాఖలో ఇమ్మిగ్రేషన్ విభాగం గుమాస్తా కొలువు కూడా. అంటే అతను ఆ విభాగంలో చేరిందే హాకీ వల్ల. ఉద్యోగి ఒకడు సాయంత్రం పూట సరదాకు ఆడుకున్న వ్యవహారం కాదిది. జట్టు కుదిర్చిన ఒప్పందంలో ఆ కుర్చీ కూడా ఒక భాగం.

కబడ్డీ_కోచ్_నల్గొండ
పాత_పేజీలు గారూ, కొలువు హాకీ వల్ల వచ్చింది సరే. ఆ కొలువులో ఏడేళ్ల తరువాత జరిగినదంతా హాకీ ఖాతాలో వేయడం ఎలా న్యాయమవుతుంది?

సికింద్రాబాద్_వాలీబాల్
మా నాన్నగారు వాలీబాల్ ఆడి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం సంపాదించారు. మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయినా ఉద్యోగం మాత్రం పదవీ విరమణ దాకా నిలిచి, మా ముగ్గురి చదువులూ దాని మీదే నడిచాయి. మా ఇంట్లో ఆట వేరు, ఉద్యోగం వేరు అని ఎవరూ ఎన్నడూ అనుకోలేదు. అందువల్ల 1907లో ఆ యువకుడు ప్రభుత్వ కొలువు చూసి ఒటావా వెళ్లాడంటే అతని మనసు నాకు బాగా అర్థమవుతోంది. ఏ ఆటగాడికైనా కాళ్లలో సత్తువ ఉండేది పదేళ్లు, పదిహేనేళ్లు. ఆ పైన ఏమిటన్న ఆలోచన అప్పుడైనా ఇప్పుడైనా ఒకటే.

అనకాపల్లి_ప్రసాద్
అంత ముందుచూపు ఉన్నవాడు ఏడాదికో జట్టు ఎందుకు మారాడు? ఒటావాకు 1909లో కెనడా హాకీలో అన్నిటికంటే పెద్దదైన స్టాన్లీ కప్పు గెలిపించి, వెంటనే డబ్బు ఎక్కువిచ్చారని రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరి జట్టుకు వెళ్లిపోయాడు. అభిమానుల మొహం కూడా చూడలేదు. దీన్ని డబ్బాశ అనక మరేమనాలి?

లెక్కల_మాస్టారు
ప్రసాద్ గారూ, ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ఒటావాలో గుమాస్తాగా చేరినప్పుడు అతని జీతం నెలకు 35 డాలర్లు, ఏడాదికి 420. రెన్‌ఫ్రూ వాళ్లు 1909-10 సీజనుకు ఇచ్చింది 5,250 డాలర్లు, ఆ సీజనులో ఆటలు పన్నెండు. ఒక్క ఆటకు 437 డాలర్ల 50 సెంట్లు పడింది. గంటసేపు ఆడే ఒక్క ఆటకు, గుమాస్తా ఏడాది పొడుగునా రాసి సంపాదించే దానికంటే ఎక్కువ! ఇంత తేడా ఉన్నప్పుడు వద్దని చెప్పగలిగిన ఇరవై అయిదేళ్ల మనిషిని నాకు చూపించండి.

అనకాపల్లి_ప్రసాద్
మాస్టారు, లెక్క సరే, విధేయత అనేది కూడా ఒకటి ఉంటుంది కదా.

పాత_పేజీలు
విధేయత గురించి మాట్లాడే ముందు, జట్ల యజమానులు ఆటగాళ్ల పట్ల ఎలా ఉన్నారో చూద్దాం.

రెన్‌ఫ్రూ వెనక ఉన్నది ఓబ్రయన్ కుటుంబం. తండ్రి రైల్వే గుత్తేదారు, కోబాల్ట్ అనే ఊళ్లో వెండి గనుల యజమాని. పెద్ద జట్లు రెన్‌ఫ్రూను తమ లీగులో చేర్చుకోబోమని తిప్పి పంపితే, కొడుకు ఆంబ్రోస్ 1909 డిసెంబరులో మరికొందరితో కలిసి నేషనల్ హాకీ అసోసియేషన్ అనే కొత్త లీగునే పెట్టాడు. మాంట్రియల్ కెనడియన్స్ పుట్టింది కూడా అప్పుడే, ఆ ఓబ్రయన్ డబ్బుతోనే. టేలర్, పాట్రిక్ సోదరులు, న్యూసీ లలోండ్ వంటి పేరుమోసిన ఆటగాళ్లను ఒక్కచోటికి చేర్చినా రెన్‌ఫ్రూకు కప్పు రాలేదు.

ఆ మరుసటి సీజనులోనే యజమానులు కూడబలుక్కుని ఒక్కో జట్టు మొత్తం జీతాల ఖర్చు 5,000 డాలర్లు దాటరాదని నియమం పెట్టారు. మొన్నటిదాకా ఒక్క టేలర్‌కే అంతకంటే ఎక్కువ ఇచ్చారన్నది గమనించాలి. ఆర్ట్ రాస్ వంటి ఆటగాళ్లు ఎదురు తిరిగారు, వేరే లీగ్ పెడతామన్నారు, చివరికి తలొగ్గక తప్పలేదు. 1911లో రెన్‌ఫ్రూ జట్టు ఎత్తేశాక దాని ఆటగాళ్లను తక్కిన జట్లు పంచుకున్నాయి, టేలర్ మాంట్రియల్ వాండరర్స్ వాటాకు వచ్చాడు. అతని అభిప్రాయం అడిగినవారు లేరు. ఉద్యోగం ఒటావాలో, పెళ్లాడబోయే అమ్మాయి కూడా ఒటావాలోనే. అతను వెళ్లనన్నాడు. ఒటావా వాళ్లు ఒక ఆటలో దింపితే వాండరర్స్ అభ్యంతరం చెప్పారు. ఆ ఒక్క ఆట తప్ప 1911-12 సీజనంతా పక్కన కూర్చున్నాడు. జీవితంలో అది రెండోసారి. కుర్రతనంలో ఒంటారియో సంఘం చేసిందే ఈసారి వృత్తి లీగు చేసింది. అప్పుడు అతని ఇల్లు గడిచింది ఇమ్మిగ్రేషన్ గుమాస్తా జీతం మీద. జట్టు మాటకు లొంగకుండా నిలబడగలిగాడంటే అది ఆ ఉద్యోగం చలవ.

శిశిర_రాజమండ్రి
5,000 డాలర్ల హద్దు సంగతి నా వ్యాసంలో ఒక్క వాక్యంగా ఉంది. మీరు చెప్పిన వరసలో చూస్తే దానికి ఇంకా చోటివ్వాలనిపిస్తోంది.

గుంటూరు_గోల్‌కీపర్
నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆ వెనక్కి వేసిన గోల్?

పాత_పేజీలు
1910 ఫిబ్రవరిలో రెన్‌ఫ్రూ జట్టు ఒటావాకు ఆడటానికి వెళ్లబోయే ముందు, తన పాత జట్టు మీద వెనక్కి స్కేటింగ్ చేస్తూ గోల్ వేస్తానని టేలర్ ఎవరితోనో సరదాగా అన్నాడట. అది పత్రికలకెక్కింది. ఒటావా జనం మండిపడ్డారు, ఆ ఆటలో అతనికి గోల్ దక్కలేదు, ఒటావా 8-5తో గెలిచింది. మార్చిలో అవే జట్లు రెన్‌ఫ్రూలో తలపడినప్పుడు టేలర్ జట్టు 17-2తో గెలిచింది. అన్నమాట నిలబెట్టుకున్నాడన్న కథ ఆ ఆటదే.

గుంటూరు_గోల్‌కీపర్
నేను స్కూలు రోజుల్లో మామూలు హాకీలో గోల్ కాసినవాణ్ని. ముందుకు పరుగెత్తుతూ కొట్టే బంతినే ఆపలేక సతమతమయ్యేవాళ్లం, వీపు చూపించి కొడితే ఏం చేయాలి? నేను ఆ కథ నమ్మను.

రోవర్_విశాఖ
గోల్‌కీపర్ గారూ, అప్పటి ఆట నియమాలు చూస్తే అంత అసాధ్యంగా అనిపించదు. ముందుకు పాస్ ఇవ్వడం నిషిద్ధం కనుక పక్‌ను, అంటే మంచు మీద బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను, తీసుకెళ్లాలంటే ఎవరికి వారే స్టిక్‌తో నెట్టుకుంటూ వెళ్లాలి, లేదంటే పక్కకో వెనక్కో పాస్ ఇవ్వాలి. అందువల్ల వేగంగా దూసుకుపోయే ఆటగాడికి అప్పట్లో ఉన్న విలువ ఈనాటి పాసింగ్ ఆటలో ఊహకు అందదు. టేలర్ ఒటావాలో కవర్ పాయింట్‌గా, అంటే రక్షణ వరుసలో ఆడాడు. రక్షకుడు వెనక్కి స్కేటింగ్ చేయడంలో ఆరితేరి ఉండాలి, ఎందుకంటే ఎదురొచ్చేవాడి మీదినుంచి చూపు తిప్పకుండా వెనక్కి జరగాలి. డిఫెండర్లను దాటే క్షణంలో ఒక్కసారి వెనక్కి తిరిగి, పక్‌ను వీపు చాటున దాచుకుని, అలాగే కాస్త దూరం జారి, తిరిగి కొట్టి ఉంటాడన్నది నా ఊహ. రింక్, అంటే మంచు మైదానం, ఈ కొస నుంచి ఆ కొసకు వెనక్కే వెళ్లాడన్న భాగం మాత్రం జనం నోట పెరిగిందే అయి ఉండాలి.

గుంటూరు_గోల్‌కీపర్
వీపు చాటు అన్న మాట నచ్చింది. అలాగైతే గోల్‌కీపర్‌కు పక్ కనబడదు. నా అవిశ్వాసం సగం తగ్గింది.

రవళి_వాంకూవర్
మీరందరూ రెన్‌ఫ్రూ దగ్గర ఆగిపోయారు. నేను పదేళ్లకు పైగా వాంకూవర్‌లో ఉంటున్నాను, ఇక్కడి సంగతి చెబుతాను.

పాట్రిక్ సోదరులు కుటుంబపు కలప వ్యాపారం అమ్మగా వచ్చిన డబ్బుతో పసిఫిక్ తీరంలో కొత్త లీగు పెట్టి, 1911లో డెన్‌మన్ వీధి చివర కృత్రిమ మంచుతో పెద్ద స్టేడియం కట్టారు. అందులో పదివేల మంది కూర్చునేవారు. తూర్పున చలి పడితేనే మంచు, మంచు ఉంటేనే ఆట. ఈ తీరంలో చలి తక్కువ కనుక గొట్టాల్లో చల్లని ద్రవం పారించి మంచు తయారు చేశారు. టేలర్ 1912లో ఇక్కడి మిలియనేర్స్ జట్టులో చేరాడు. ఇమ్మిగ్రేషన్ ఉద్యోగం కూడా బదిలీ మీద అతని వెంటే వాంకూవర్ వచ్చింది.

శిశిర గారి పేరా విలువ తెలియాలంటే ఈ తేదీలు వరసగా చదవాలి. 1913-14 సీజనులో లీగులో అందరికంటే ఎక్కువ పాయింట్లు (వేసిన గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించినవాడు టేలర్. మే 23న కొమగాట మారు వచ్చింది. జులై 23న కెనడా యుద్ధనౌక రెయిన్‌బో కాపలాతో వెనక్కి వెళ్లిపోయింది. 1915 మార్చిలో టేలర్ జట్టు ఒటావాను 6-2, 8-3, 12-3తో ఓడించి స్టాన్లీ కప్పు గెలిచింది. పసిఫిక్ తీరానికి కప్పు రావడం అదే మొదలు. అతని ఆట శిఖరాన ఉన్న రెండు సీజన్ల నడుమ వేసవిలో ఆ ఓడ రేవులో నిలబడి ఉంది. ఊరంతా పేరు పెట్టి పిలుచుకునే ఆటగాడు ప్రభుత్వం తరఫున ఆ ఓడ ఎక్కాడు.

స్టేడియం 1936లో కాలిపోయింది, ఆ స్థలంలో ఇప్పుడు సముద్రం ఒడ్డున పార్కు ఉంది. అదే ఒడ్డు వెంట కోల్ హార్బర్ వైపు నడిస్తే కొమగాట మారు స్మారకం వస్తుంది. ఆ స్మారకంలో ప్రయాణికుల పేర్లున్నాయి. ఊరి నుంచి వచ్చిన బంధువులను అక్కడికి తీసుకెళ్లినప్పుడల్లా వారు ఆ పేర్లు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ చదువుతారు. ఆ స్థలాల మధ్య దూరం నడకలో తేలిపోయేంతే. వాటిని కలిపి రాయకూడదని చెప్పే హక్కు ఏ శీర్షికకూ లేదు.

సికింద్రాబాద్_వాలీబాల్
ఆ ఓడను ఏ నియమం కింద ఆపారు?

పాత_పేజీలు
1908లో తెచ్చిన నియమం ప్రకారం, వలసవచ్చేవారు పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా ఒకే ప్రయాణంలో కెనడా రావాలి. భారతదేశం నుంచి కెనడాకు అలా నేరుగా వచ్చే ఓడలే లేవు. అది కాక ఆసియా వాసులు ఒక్కొక్కరి దగ్గర 200 డాలర్లు ఉండాలన్న షరతు మరొకటి. జాతి పేరు ఎత్తకుండానే భారతీయులకు తలుపు మూసిన నియమాలివి. గురుదిత్ సింగ్ హాంకాంగ్‌లో ఈ జపాను ఓడను అద్దెకు తీసుకుని వచ్చింది వాటిని ఎదుర్కోవడానికే. అంతకుముందే కెనడాలో స్థిరపడిన కొద్దిమందిని మాత్రం దిగనిచ్చారు. తక్కినవారు రెండు నెలలు అన్నపానాలకు కటకటలాడుతూ ఓడలోనే ఉండిపోయారు. తిరిగి బెంగాల్‌లోని బజ్‌బజ్ చేరాక పోలీసు కాల్పుల్లో వారిలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2016లో.

కబడ్డీ_కోచ్_నల్గొండ
ఇదంతా చదివి మనసు చివుక్కుమంది, కాదనను. కానీ ఆ నియమం రాసింది టేలర్ కాదు. వాంకూవర్ కార్యాలయానికి పెద్ద మాల్కమ్ రీడ్, కిందివాడు టేలర్. పై అధికారి వెళ్లమంటే వెళ్లాడు. శిశిర గారు ఆ పేరా రాస్తే పాఠకుడు నేరమంతా ఆటగాడి నెత్తిన పెడతాడేమోనన్నదే నా భయం. పేరున్నవాడు దొరికితే పేరులేని పెద్దలు తప్పించుకుంటారు.

రవళి_వాంకూవర్
కోచ్ గారి భయంలో న్యాయం ఉంది. దానికి మందు పేరా కొట్టేయడం కాదు, మాల్కమ్ రీడ్ పేరు, 1908 నియమం కూడా అందులో చేర్చడం. ఇంకొక్క మాట. టేలర్ కిందివాడిగానే ఉండిపోలేదు. అదే శాఖలో ఎదిగి, బ్రిటిష్ కొలంబియా, యూకాన్ ప్రాంతాలకు ఇమ్మిగ్రేషన్ కమిషనరయ్యాడు, 1950లో పదవీ విరమణ చేశాడు. 1946లో వచ్చిన ఎంబీఈ అనే బ్రిటిష్ బిరుదు ఆ ఉద్యోగానికే. హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు ఆ మరుసటి ఏడు దొరికింది. అతను కొలువు చేసిన ప్రభుత్వమే ఆ ఉద్యోగాన్ని అంత ఘనంగా గుర్తించినప్పుడు మనం చిన్నదిగా చూపడం దేనికి?

అనకాపల్లి_ప్రసాద్
రవళి గారూ, గణాంకాలు కూడా ఒకసారి చెప్పండి, వాంకూవర్‌లో నిజంగా అంత గొప్పగా ఆడాడా? ముప్పై దాటిన మనిషి కదా.

లెక్కల_మాస్టారు
గణాంకాలు నా దగ్గర ఉన్నాయి. పసిఫిక్ తీర లీగులో అత్యధిక పాయింట్ల ఆటగాడిగా అయిదు సీజన్లలో నిలిచాడు. 1917-18లో 18 ఆటల్లో 32 గోల్స్ వేశాడు, అప్పటికి వయసు ముప్పై దాటింది. పగలు కార్యాలయంలో పనిచేసి సాయంత్రం ఆడి సాధించినది ఇది.

శిశిర_రాజమండ్రి
అందరి మాటలూ చదివాక నిర్ణయం తీసుకున్నాను. వ్యాసాన్ని గోల్స్ దగ్గర కాకుండా 1907లో ఒటావా వాళ్లు కుదిర్చిన కొలువు దగ్గర మొదలుపెట్టి తిరగరాస్తాను. అప్పుడు ఓడ పేరా ఎవరూ ఊడబెరకలేని చోట పడుతుంది. కోచ్ గారు అడిగినట్టు నియమం ఎవరిదో, కార్యాలయానికి పెద్ద ఎవరో కూడా రాస్తాను. సంపాదకులు మళ్లీ కాదంటే వ్యాసం వేరే పత్రికకు పంపుతాను.

కబడ్డీ_కోచ్_నల్గొండ
అలా రాస్తే నాకు అభ్యంతరం లేదు. ఆటకు తగినంత చోటివ్వడం మాత్రం మరవకండి, మా పిల్లలకు చదివి వినిపిస్తాను. రోవర్_విశాఖ గారూ, మీ పేరులోని రోవర్ అతను ఆడిన స్థానమేనా?

రోవర్_విశాఖ
అదే. అప్పట్లో జట్టుకు ఏడుగురు. గోల్ కాసేవాడు, ఇద్దరు రక్షకులు, ముగ్గురు ఫార్వర్డ్‌లు, వీరి మధ్య ఎక్కడ అవసరమైతే అక్కడికి వెళ్లే ఏడోవాడు రోవర్. ఆటగాళ్లను మార్చడం చాలా అరుదు కనుక దాడికి వెళ్లేదీ, పరుగున వెనక్కి వచ్చి కాపు కాసేదీ ఆ ఒక్కడే. వాంకూవర్‌లో టేలర్ ఆడింది ఈ స్థానంలోనే. తూర్పు లీగు (నేషనల్ హాకీ అసోసియేషన్) 1911లోనే జీతాల ఖర్చు తగ్గుతుందని ఏడోవాణ్ని తీసేసి ఆరుగురితో ఆడించింది. పశ్చిమం అలాగే ఉంచింది. అందువల్ల 1915 కప్పు పోటీలో మొదటి, మూడో ఆటలు ఏడుగురితో, రెండో ఆట ఆరుగురితో జరిగాయి. పశ్చిమ లీగు కూడా చివరికి 1922-23 సీజనులో రోవర్‌ను తీసేసింది. టేలర్ ఆఖరుసారిగా ఒకే ఒక్క ఆట ఆడింది ఆ సీజనులోనే.